ఎండబెట్టిన పుస్తకాలు

6-5-56, ఆదివారం

నాకు అక్షరం రాదు. కోడలు ఆదిలక్ష్మి ఐదో తరగతి దాకా చదివింది కాబట్టి నేను చెబుతున్నాను, అది రాస్తోంది. చెప్పింది చెప్పినట్టే రాయాలి. మధ్యలో నవ్వకూడదు.

నా మీద నేరం పడింది. నాంచారమ్మ పుస్తకాలన్నీ పాడుచేసిందని కైకలూరు రీడింగ్ రూమ్ సెక్రటరీ చలపతిరావు గారు కనబడ్డవాళ్ళందరికీ చెబుతున్నారు. ఆయన మాట ఊరంతా తిరుగుతోంది. నా మాట కూడా ఒకచోట ఉండాలి. అందుకే ఇది.

మా లంకలో ఆడవాళ్ళు తెల్లవారకుండానే చేపల తట్టలు ఎత్తుకుని పోతారు. వెనకటికి చంటిపిల్లలు కొల్లేట్లో పడకుండా కాలికి తాడు కట్టి, గుంజకు ముడివేసి పోయేవాళ్ళం. నా నలుగురూ అలాగే పెరిగారు. పోయిన ఏడు బ్లాకాఫీసు వాళ్ళు బాలవాడి పెట్టి కాంతం పంతులమ్మను పంపారు. తాళ్ళు విప్పేశాం. ఇప్పుడు ఆ పాక కప్పు కుళ్ళిపోయింది. గోడలు మేం పెట్టిస్తాం, పెంకులు ఊరివాళ్ళు కొనుక్కోండి, వానలలోగా కప్పు పడకపోతే పంతులమ్మను పెదపాడు మార్చేస్తాం అన్నారు. పెదపాడు పిల్లలు పడితే మోకాలు చీరుకుంటుంది. మా పిల్లలు పడితే దొరకరు.

పుస్తకాలు అమ్మి ఫండు పోగుచేద్దామన్నది పంతులమ్మ ఆలోచన. చలపతిరావు గారు ఏలూరులో ప్లీడర్లనీ మాస్టర్లనీ అడిగి, వాళ్ళు చదివేసిన పుస్తకాలు గోతాల నిండా పోగుచేశారు. ఆ మేలు నేను కాదనను. అది కూడా రాయి.

7-5-56, సోమవారం

చెయ్యి నొప్పి అని నిన్న ఆదిలక్ష్మి ఆపేసింది. నా నోరు మాత్రం నొప్పి పుట్టలేదు.

గోతాల్ని ఏలూరు నుంచి కైకలూరు తెచ్చే పడవ నా తమ్ముడు పెద్దింటయ్యది. నడి కొల్లేట్లో గాలివాన పట్టుకుంది. పడవలోకి నీళ్ళు వచ్చేశాయి. ఎలాగో మా లంక ఒడ్డుకు లాక్కొచ్చి, అక్కా, నేను బతికాను అన్నాడు. నువ్వు సరే, పుస్తకాలు బతికాయా అన్నాను. గోతాలు విప్పితే అన్నీ తడిసి ముద్ద.

తడిసినదాన్ని ఏం చేస్తాం? ఎండబెడతాం. ఎండుచేపలు ఆరేసే తాటాకు చాపల మీద, చేపను చీల్చి పరిచినట్టే, పుస్తకాల్ని నడిమికి విప్పి బోర్లించాం. మధ్యాహ్నం తిరగేశాం. కాకులు వాలకుండా ఆడవాళ్ళం వంతులు వేసుకుని కర్ర పట్టుకుని కూచున్నాం. పుస్తకాన్ని కాకి ఏం చేసుకుంటుందని ఒక్కరం కూడా అనుకోలేదు. అలవాటు.

మూడు ఎండలకు గలగలలాడాయి. బూరెల్లా పొంగాయి గాని అక్షరం చెదరలేదని పంతులమ్మ సంబరపడింది. వాసన సంగతి ఎవరికీ తట్టలేదు. మాకు అది వాసన కాదు, ఇల్లు. పంతులమ్మకూ ఏడాదికి అలవాటైపోయింది.

మొన్న శనివారం రీడింగ్ రూమ్‌లో బల్లల మీద సర్దాం. ముందుగా వచ్చినావిడ వ్రతకథల పుస్తకం చేతిలోకి తీసుకుని, ఏవండీ, ఇది చదివాక మళ్ళీ తలస్నానం చేయాలండీ, అని కింద పెట్టేసింది. ఆ వెనక వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ముక్కులు మూసుకున్నారు. కొనేవాళ్ళకంటే పిల్లులు ఎక్కువ వచ్చాయి. ఒకటి బల్లెక్కి లా పుస్తకం నాకింది.

చలపతిరావు గారు అందరి ముందూ, బుర్ర ఉందా నాంచారమ్మా, సరస్వతీదేవిని తీసుకెళ్ళి చేపల చాప మీద పడేస్తావా అన్నారు. మునిగిపోయే సరస్వతిని ఒడ్డున వేశాను బాబూ, తమరైతే నీళ్ళలోనే పూజ చేసేవారా అన్నాను. ఎవరో నవ్వారు. ఆయనకు ఒళ్ళు మండింది. గోతాలు వీధిలోకి తోయించి, ఎక్కడికైనా పట్టుకుపో, ఇవి మాకు అక్కర్లేదు అన్నారు.

ఇదీ నా నేరం.

9-5-56, బుధవారం

పంతులమ్మ ట్రంకు పెట్టె సర్దుకుంటోంది. నేను పోయి చీరలన్నీ బయటికి లాగి దండెం మీద వేసి వచ్చాను.

11-5-56, శుక్రవారం

ముక్కు మూసుకోని మనుషులు ఎక్కడుంటారా అని ఆలోచిస్తున్నాను. ఇవాళ తట్టలో ఎండుచేపలు సర్దుతుంటే నాలో నేనే నవ్వుకున్నాను. అత్తకు ఎండ దెబ్బ తగిలిందని ఆదిలక్ష్మి మజ్జిగ తెచ్చింది.

13-5-56, ఆదివారం, పొద్దుగూకాక

గొంతు పోయింది. అయినా చెబుతాను.

పుస్తకాల్ని కైకలూరు ఎండుచేపల సంతకు పట్టుకుపోయాను. చింతలపూడి మెట్ట నుంచి వర్తకులు బళ్ళు కట్టుకుని వచ్చే సంత. అక్కడ వాసన గురించి మాట్లాడేవాడు ఉండడు. చేపల తట్టల పక్కనే పుస్తకాల తట్టలు దించాం. అందరూ చూశారు. ఒక్కడు కొనలేదు.

అప్పుడు తట్టింది. ఎండుచేపల వేలంపాటలో ముందుగా ఒక చేప తుంచి రుచి చూపించాలి. అది సంత మర్యాద. రుచి చూపించకుండా పాట పెడితే ఎవడు పాడతాడు? పంతులమ్మను పీట మీద నిలబెట్టి, ఒక ముక్క చదివి వినిపించమన్నాను. ఆవిడ సిగ్గుపడింది. పిల్లలకు చెప్పినట్టు చెప్పు, వీళ్ళకు మీసాలున్నాయి అంతే తేడా అన్నాను.

డిటెక్టివ్ నవల తీసింది. జమీందారు గది లోపల గడియ వేసి ఉంది. పిలిస్తే పలకడు. పంతులమ్మ కళ్ళు పెద్దవి చేసింది, గొంతు తగ్గించింది. బేరాలు ఆగిపోయాయి. తలుపు బద్దలుకొట్టారు. లోపల చూస్తే... నేను పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టేశాను. రుచి అయింది, పాట మొదలు అన్నాను.

సంత గొల్లుమంది. మెట్ట వర్తకుడు పోతురాజు మీసం వదిలేసి, లోపల ఏముందో చెప్పి చావవమ్మా అన్నాడు. పాడుకో, తెలుస్తుంది అన్నాను. నాకు చదువు రాదే అన్నాడు. నాకు మాత్రం వచ్చా, మీ ఊళ్ళో వచ్చినవాడికి రెండు చేపలు పడేసి చదివించుకో అన్నాను. ముదినేపల్లిలో పూటకూళ్ళు నడిపే సుబ్బాయమ్మ పోటీకి దిగింది. నా ఇంట్లో అన్నం తినేవాళ్ళలో సగంమంది మాస్టర్లేనయ్యా, నీ ఊళ్ళో ఎవడున్నాడు, ఎద్దులు చదువుతాయా అని పోతురాజును దులిపేసింది. రోషానికి వాడు పాడుతూనే పోయాడు. చివరికి పుస్తకం వాడిదే.

ఇక పంతులమ్మను పీట దిగనివ్వలేదు. వ్రతకథల పుస్తకాన్ని చేపల తట్ట దించి కళ్ళకద్దుకుని మరీ కొనుక్కుంది ఒకామె. కోర్టులో దావా నడుస్తున్న రైతు ఒకడు లా పుస్తకం కొన్నాడు. చదవడట. చంకలో పెట్టుకుని తిరిగితే అవతలివాడు జడుస్తాడట.

పొద్దుగూకేసరికి తట్టలు ఖాళీ. పెంకులకు సరిపోయింది.

గుంపు వెనకాల చలపతిరావు గారు నిలబడి ఉండడం నేను చూశాను. ముందు ముక్కుకు రుమాలు ఉంది. తలుపు బద్దలుకొట్టే వేళకు లేదు.

16-5-56, బుధవారం

రీడింగ్ రూమ్ పేరు మీద ఇచ్చిన పుస్తకాలు కాబట్టి సొమ్ము రీడింగ్ రూమ్‌దేనని కబురొచ్చింది. ఆదివారం మీటింగు. పుస్తకాలు కంపు కొట్టాయి గాని సొమ్ము కొట్టలేదు కాబోలు.

20-5-56, ఆదివారం

మీటింగుకు పెద్దలంతా వచ్చారు. బ్లాకాఫీసరు గారూ వచ్చారు. చలపతిరావు గారు ఇంగ్లీషు ముక్కలు కలిపి చాలాసేపు చెప్పారు. నేను లేచాను. అయ్యా, కొల్లేట్లో మాకు ఒక న్యాయం ఉంది, ఒకడి వల జారిపోయిన చేప ఎవరి వలలో పడితే వాళ్ళది, ఈ పుస్తకాలు జారిపోయినవి కూడా కావు, తమరే విసిరేశారు, ఎక్కడికైనా పట్టుకుపో అన్నారా లేదా, పెద్దింట్లమ్మ తల్లి మీద ఆన పెట్టి చెప్పండి అన్నాను.

అందరూ ఆయన వైపే చూశారు. ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, అన్నాను అన్నారు.

కోపిష్ఠి గాని అబద్ధం ఆడని మనిషి. ఇది కాస్త పెద్ద అక్షరాలతో రాయి. సొమ్ము పెంకులకేనని పెద్దలు తేల్చేశారు. పంతులమ్మ ఎక్కడికీ పోనక్కర్లేదని ఆఫీసరు గారు అన్నారు.

బయటికి వస్తుంటే చలపతిరావు గారు వెనకాలే వచ్చి, నాంచారమ్మ గారూ అన్నారు. గారూ అనడం ఇదే మొదలు. అటూ ఇటూ చూసి, ఆ జమీందారు గదిలో ఏముందండీ, చేసిందెవడండీ అని నెమ్మదిగా అడిగారు.

పుస్తకం మెట్టకు పోయిందండీ, పంతులమ్మ మాత్రం చివరిదాకా చదివింది, అయితే మా బాలవాడికి కిటికీలు లేవు అన్నాను.

రెండు కిటికీలు పెట్టిస్తానన్నారు. పక్కనే ఉన్న పంతులమ్మ ఆయన చెవిలో చెప్పింది. ఆయన, ఓరి వాడా, అని నుదురు కొట్టుకుంటూ పోయారు.

వాడెవడో నాకు మాత్రం చెప్పలేదు.

14-6-56, గురువారం

పొద్దుటి నుంచి వాన. కొత్త కప్పు ఎక్కడైనా కారుతుందేమో చూద్దామని బాలవాడికి పోయాను. పిల్లలందరూ నిద్రపోతున్నారు. ఒక్క చుక్క పడలేదు. ఒక మూల చాప ఖాళీగా ఉంది.

తర్వాతది ఆదిలక్ష్మి చెబితే తెలిసింది. ఆఫీసరు గారు తనిఖీకి వచ్చి, పిల్లల్లో ఆ గురక ఎవరిదని అడిగారట. పంతులమ్మ నోటి మీద వేలు పెట్టి, ఆయన్ను చూరు కిందే నిలబెట్టిందట.