జంటగా పన్నెండు పుస్తకాలు

కిల్లారన్, మేయో
జనవరి 9

గౌరవనీయులైన సిస్టర్ బెనిగ్నస్ గారికి,

మీ పాత విద్యార్థిని ఊనా మెల్విన్ నమస్కారాలు. ఇక్కడ అమ్మ, నేను కులాసాగా ఉన్నాం. వాన ఎప్పటిలాగే సముద్రం వైపు నుంచి అడ్డంగా కొడుతోంది. మీ మోకాళ్ళ నొప్పులు తగ్గాయని, అక్కడివాళ్ళు ఇప్పుడు టీ కాస్త చిక్కగా ఇస్తున్నారని తలుస్తాను. మీకు చూపు పోయినప్పటి నుంచి అక్కడ మిమ్మల్ని చూసుకుంటూ, నా ఉత్తరాలు చదివి వినిపిస్తూ, మీరు చెప్పిన జవాబులు రాసి పంపుతున్న బ్రీడా గారికి కూడా నమస్కారాలు. ఆవిడ దస్తూరి గుండ్రంగా, కంటికి హాయిగా ఉంటుంది.

ఒక సంగతి అడగాలని రాస్తున్నాను. మా లైబ్రరీలో ఈ ఏడాది పెద్దవాళ్ళకు రీడింగ్ ఛాలెంజ్ పెట్టారు. పేరు అలా ఉంది గాని అందులో ఎవరూ ఎవరినీ ఓడించరు. నెలకొక అంశం ఇస్తారు. దానికి తగిన పుస్తకం ఒకటి చదవాలి. ఏడాది పొడుగునా ఇదే పని. అయితే ఇద్దరిద్దరు జంటగా చేరాలి. ఇద్దరూ ఒకే పుస్తకం చదివి, తలా ఒక వాక్యం రాసి ఇస్తే తలుపు పక్కన బోర్డుకు గుచ్చుతారు. డిసెంబరులో, చివరిదాకా నిలిచిన జంటలను పిలిచి టీ, పళ్ళ కేకు పెడతారు. ప్రతి జంటా లేచి నిలబడి, తమకు నచ్చిన పుస్తకం గురించి రెండు మాటలు చెప్పాలి.

నీ జోడీ ఎవరని లైబ్రేరియన్ గ్రాన్యా గారు అడిగారు. మందుల షాపులో నాతో పనిచేసే అమ్మాయిలకు పుస్తకం చూస్తే ఆవులింతలు. ఎవరి పేరు చెప్పాలా అనుకుంటుండగానే మీ పేరు నోట్లోంచి వచ్చేసింది. కళ్ళు కనిపించని మనిషి ఎలా చదువుతుందని వెనక నిలబడ్డ మాలకీ డడ్డీ అడిగాడు. మాలకీ మీకు గుర్తుండే ఉంటాడు. మన స్కూలు బస్సు నడిపేవాడు, మీరు ఎక్కితే మాత్రం సిగరెట్టు ఆర్పేసేవాడు. వినడం కూడా చదవడమేనని గ్రాన్యా గారు తేల్చేశారు. ప్రతి పుస్తకం రెండు ప్రతులు ఇస్తారు. ఒకటి నాకు, ఒకటి పోస్టులో మీకు.

మీరు ఒప్పుకుంటే నాకు ఒక్కటే కోరిక. కాన్వెంటు అమ్మేసి మిమ్మల్ని గాల్వే పక్కన ఆ వృద్ధుల హోమ్‌కు తీసుకెళ్ళిన సంగతి ఆ రోజు ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలిస్తే వీధి వీధంతా బయటికి వచ్చేది. డిసెంబరు సాయంత్రానికి మీరు ఈ ఊరికి రావాలి. అందరి ముందూ నా పక్కన కూర్చోవాలి.

మీ జవాబు కోసం చూస్తూ,
ఊనా


కిల్లారన్
మార్చి 18

ప్రియమైన సిస్టర్ గారికి,

నిన్న సెయింట్ పాట్రిక్ ఊరేగింపు అయింది. ఈసారీ మనుషులకన్నా ట్రాక్టర్లే ఎక్కువ. అమ్మకు జలుబు చేసింది. అంతకుమించి చెప్పుకోదగ్గ కష్టాలేమీ లేవు.

మీరు పెట్టిన షరతు మరిచిపోలేదు. మొదటి పేజీలోనే కథానాయిక జుట్టు రంగు చెప్పే పుస్తకాల జోలికి పోవడం లేదు. లైట్‌హౌస్ కాపలాదారు నవల మీద మీ వాక్యం బోర్డెక్కింది. "ఈ రచయితకు సముద్రం బాగా తెలుసు, మనుషులతోనే పరిచయం లేదు." పుస్తకం తీసుకోవడానికి వచ్చినవాళ్ళు ముందు అక్కడ ఆగి అది చదివి నవ్వుకుని లోపలికి పోతున్నారు. దాని కిందే నా వాక్యం కూడా ఉంది. దాన్ని ఎవరూ చూడకపోవడం నాకు సుఖంగానే ఉంది.

మాలకీకి మాత్రం ఉడుకుమోత్తనం వచ్చింది. అతనికి జోడీ వాళ్ళావిడ ఫిలోమినా. ఆవిడ పుస్తకం చదివి కథ చెబుతుందని, ఇతను వాక్యం మాత్రం రాస్తాడని ఊరందరికీ తెలుసు. ప్రతి నెలా అదే వాక్యం: పుస్తకం బాగుంది. మొన్న నన్ను ఆపాడు.

"ఏమ్మాయ్, మీ సిస్టరు నా వాక్యానికి ఎన్ని మార్కులు వేస్తుందంటావు?"

మార్కులు వేయరని, మళ్ళీ రాసుకు రమ్మంటారని చెప్పాను. ఆ మాట అన్నది నేనేనా అని ఇంటికి వెళ్ళేదాకా అనుకుంటూనే ఉన్నాను.

ఈ నెల అంశం బడిలో చదివిన పుస్తకం. ఏది ఎంచాలా అని ఆలోచిస్తే పేర్లు రావడం లేదు, అట్టలు గుర్తొస్తున్నాయి. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో మిగిలిపోయిన గోడ కాగితాలు అడిగి తెచ్చి మీరు పుస్తకాలకు అట్టలు వేసేవారు. నీలం చారలవి చరిత్ర. పసుపు పచ్చవి సాధువుల జీవితాలు. గులాబీలవి సాహస యాత్రలు. ఆ గులాబీలు డాక్టరు గారి పడకగదిలోవని మాకు తెలిసి, అవి చదివేటప్పుడల్లా కిసుక్కున నవ్వుకునేవాళ్ళం. వంటింటి పైన పుస్తకాలుండే ఆ చిన్న గది, వేడినీళ్ళ గొట్టాల మీద ఆరేసిన తడి కోట్లు, కింద నుంచి క్యాబేజీ ఉడికే వాసన. ఇప్పటికీ వానలో తడిసి బస్సెక్కితే నాకు పుస్తకం తెరవాలనిపిస్తుంది.

క్లాసులో నిలబడి చదవమంటే నా గొంతు పూడుకుపోయేది. మిగతా టీచర్లు నన్ను వదిలేసి పక్క అమ్మాయిని లేపేవారు. మీరు వదల్లేదు. పుస్తకం చేతిలో పెట్టి పెరట్లో కోళ్ళ దగ్గరికి పంపారు.

"వాటికి కథా తెలీదు, తప్పులూ తెలీవు. గట్టిగా చదువు," అన్నారు.

చదివాను. కోళ్ళు వాటి పని అవి చూసుకునేవి. కొన్నాళ్ళకు తల ఎత్తి చూస్తే, వంటింటి కిటికీ తెరిచి ఉంది. లోపల మీరు బంగాళాదుంపలు ఒలవడం ఆపి వింటున్నారు. నేను చూడనట్టే చదువుకుపోయాను.

ఆరోగ్యం జాగ్రత్త.

మీ
ఊనా


కిల్లారన్
జూలై 2

ప్రియమైన సిస్టర్ గారికి,

ఇక్కడ నాలుగు రోజుల నుంచి ఎండ. ఊళ్ళో అందరి ముక్కులూ ఎర్రబడ్డాయి. మా షాపులో ఒంటికి రాసుకునే క్రీము అయిపోయింది.

హత్య కథ మీద మీ జవాబు అందింది. నిజం చెప్పనా, ఆ పుస్తకం పంపుతూ భయపడ్డాను. బడిలో డెస్కు కింద దాచుకుని చదివే హత్య నవలలు మీరు లాక్కునేవారు. శుక్రవారం తిరిగి ఇచ్చేటప్పుడు వంగి, హంతకుడి పేరు చెవిలో చెప్పేవారు. మీరు వేసే శిక్ష అదొక్కటే. ఇమెల్డా గ్రీలీ అయితే చెవులు మూసుకుని పుస్తకం తీసుకునేది. కాబట్టి మీ వాక్యంలో హంతకుడి పేరు ఉంటుందని, గ్రాన్యా గారు దాన్ని బోర్డుకు గుచ్చడం మానేస్తారని అనుకున్నాను. మీరు ఇలా రాయించారు: "చివరి పేజీ దాకా హంతకుడెవరో నాకు తెలియలేదు, తలుపు గడియ రెండుసార్లు చూసుకుని వచ్చాను."

మాలకీ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. మీ సిస్టరు ఈ మధ్య మెత్తబడిందేమిటి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు. గేలి చేయడానికి కాదు. మే నెలలో కుక్క చనిపోయే కథకు మీరు ఏడ్చానని రాయించినప్పుడు కూడా అతను అలాగే నా వంక చూశాడు. వయసు మీద పడితే మనుషులు మారతారని చెప్పాను. నేనూ అలాగే అనుకుంటున్నాను. మీ వాక్యాలు చదివి ఎవరూ ఇప్పుడు నవ్వడం లేదు గాని, ఆ పుస్తకం కోసం పేరు రాయించుకుని వెళుతున్నారు.

డిసెంబరు సంగతి అడిగితే మోకాళ్ళ నొప్పుల మీద నెట్టేశారు. మిమ్మల్ని కారులో తీసుకురావడానికి గ్రాన్యా గారు సిద్ధం. వెనక సీట్లో దిళ్ళు వేస్తారట. చలికాలానికి ఇంకా టైముంది. కాదని మాత్రం అప్పుడే అనకండి.

మీ
ఊనా


కిల్లారన్
నవంబరు 28

ప్రియమైన సిస్టర్ గారికి,

బయట వాన. అమ్మ కుంపటి దగ్గర కునుకు తీస్తోంది. ఈసారి కొత్త కబుర్లు తక్కువ. మీరు కళ్ళు మూసుకుని వింటే చాలు. దేన్నీ గుర్తు పెట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు మన బడిలో సాయంత్రమైంది. పొడుగు వసారాలో నేల అప్పుడే తుడిచారు, మైనం వాసన వేస్తోంది. అమ్మాయిలు గోడవారనే నడుస్తున్నారు, ఎందుకంటే నడుమ నడిస్తే మీరు ఊరుకోరు. పైగదిలో దీపం వేశారు. కోట్లు గొట్టాల మీద ఆవిరి కక్కుతున్నాయి. ఇమెల్డా అల్లిక పని కింద పుస్తకం పెట్టుకుంది. మీరు చూశారు గాని చూడనట్టు పక్కకు తిరిగారు. గులాబీల అట్ట పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టారు. ఓడ ఇంకా రేవు దాటలేదు. మీ గొంతు పెద్దది కాదు, అందుకే అందరం ముందుకు వంగి వింటున్నాం. కింద ఎవరో గిన్నెలు సర్దుతున్నారు. గంట కొట్టారు గాని మీరు పేజీ పూర్తి చేసేదాకా ఎవరూ కదలరు. బస్సు వచ్చి ఆగింది. అందరం ఎక్కాం. ఎవరూ మిగిలిపోలేదు, సిస్టర్. అందరం ఇళ్ళకు చేరాం.

చివరి నెల పుస్తకం మిమ్మల్నే ఎంచమన్నాను కదా. మీరు చెప్పిన గుర్రాల సంత కథ నేను నిన్ననే ముగించాను. తండ్రి గుర్రాన్ని అమ్మేసి ఖాళీ కళ్ళెం భుజాన వేసుకుని ఇంటికి నడిచే చోట నేనూ ఆగిపోయాను. మీ ప్రతి ఈ ఉత్తరంతోపాటే వస్తోంది.

మాలకీ ఈ నెల పుస్తకం తనే చదివాడని ఫిలోమినా ఊరంతా చెబుతోంది. చదువుతూ పెదవులు కదుపుతాడట, పొయ్యి మీద పాలు పొంగినా లేవడట. అతని వాక్యం ఇంకా బోర్డుకు రాలేదు. మూడుసార్లు కొట్టేశాడట.

మీరు పడుకునే ముందు కాళ్ళకు శాలువా కప్పించుకోండి.

ప్రేమతో,
మీ ఊనా

తా.క. బ్రీడా గారూ, ఇక్కడి నుంచి సిస్టర్‌కు వినిపించకండి. ఇది మీకు.

సెప్టెంబరులో ఒక బుధవారం నేను హోమ్‌కు వచ్చాను. ముందు చెప్పకుండా వచ్చి సిస్టర్‌ను ఆశ్చర్యపరచాలనుకున్నాను. ఆ రోజు మీకు సెలవు. సిస్టర్ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. నా చెయ్యి పట్టుకుని, నన్ను ఇమెల్డా అని పిలిచి, పిల్లలందరూ బస్సెక్కారా అని అడిగారు. ఎక్కారని చెప్పాను. కాసేపటికి మళ్ళీ అదే అడిగారు. మేం చదివిన పుస్తకాల గురించి చెబితే, ఎవరో తెలియని మనిషితో ఉన్నంత మర్యాదగా విన్నారు.

టీ తెచ్చిన ఆవిడను బయట వసారాలో అడిగాను. ఆవిడ దాచలేదు.

"ఈస్టర్ నుంచే ఆమెకి కథ బుర్రకెక్కడం లేదమ్మా. పుస్తకాలు ఇంటికి పట్టుకెళ్ళి చదివి జవాబులు రాసేది మా బ్రీడానే. జవాబు రాకపోతే నువ్వు రాయడం మానేస్తావట, నీ ఉత్తరం విన్న రోజే సిస్టర్ కడుపునిండా తింటుందట."

తిరుగు బస్సులో మీ మీద కోపం వచ్చింది. మీ మీద కాదు, మీరు చేసిన పని మీద కాదు, ఇక ఆ పదునైన వాక్యాలు రావన్నదే నా కోపమని ఊరు దగ్గర పడ్డాక తెలిసింది. ఇంట్లో మీ జవాబులన్నీ మళ్ళీ చదివాను. కుక్క కోసం ఏడ్చిందీ మీరే, గడియ చూసుకుని వచ్చిందీ మీరే. సిస్టర్ పక్కన కూర్చుని అంత చదివినా, మీకు ఏది నచ్చిందని మిమ్మల్ని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అప్పటి నుంచి ఉత్తరాలు రెండు భాగాలుగా రాస్తున్నాను. బడి సంగతులు సిస్టర్‌కు. పుస్తకాల సంగతులు మీకు. గుర్రాల సంత ఎంచమని అడిగింది మిమ్మల్నే.

గ్రాన్యా గారికి మొత్తం చెప్పాను. ఆవిడ మా కార్డు తీసి, సిస్టర్ పేరు పక్కన మీ పేరు చేర్చారు. జంట అంటే ఇద్దరే కదా అని మాలకీ నోరు తెరిచి, ఫిలోమినా వంక చూసి మూసుకున్నాడు.

సిస్టర్‌ను తీసుకురమ్మని ఇక అడగను. ఇంత దూరం ప్రయాణం చేసి, చివర దిగిన చోటు ఆవిడకు తెలియకపోతే నేను తట్టుకోలేను. సాయంత్రం సభ డిసెంబరు 12న. మీకు వీలు కుదిరితే నాలుగింటి బస్సుకు రండి. నలుగురిలో మాట్లాడటం నాకు ఇప్పటికీ చేతకాదు, మీకూ కాదేమో. ఇద్దరం నిలబడదాం, ఎవరి గొంతు పెగిలితే వాళ్ళు చెబుదాం.

మీరు రాలేకపోయినా జనవరిలో ఉత్తరం వస్తుంది. ఆ తర్వాతా వస్తుంది. ఆవిడ భోజనం గురించి బెంగ పెట్టుకోకండి. ఒక్కటి మాత్రం చేయండి. ఇక నుంచి జవాబు కింద మీ పేరే రాయండి.