నలభై అంగలు

మంగళవారం

ఈరోజు సర్వేయర్ వచ్చాడు. గోదావరి వరదకు కొట్టుకుపోయిన హద్దురాయి ఎక్కడుండేదో చూపించమన్నాడు. దానికి ఇవతల మా పట్టా భూములు, అవతల ఫారెస్టువి. ఒడ్డు మీది ఇప్పచెట్టు నుంచి అడవి వైపు నలభై అంగలు. పడుచుతనంలో నేనే కొలిచి ఆ రాయి పాతించాను.

"మెల్లగ నడువు తాతా, కర్ర ఇయ్యాల్నా?" అన్నాడు.

"నీ కర్ర నువ్వే పట్టుకో. గీ లెక్క నాకు నిద్రల గూడ తెలుసు" అని ఊరందరి ముందు నడిచాను. నలభై పూర్తయ్యేసరికి నాగమ్మ మిరపతోట నడుమ నిలబడి ఉన్నాను. అప్పుడు తెలిసింది. లెక్క తప్పలేదు, నా అంగే పొట్టిదైంది. అయినా నోరు విప్పలేదు. అక్కడే కొత్త రాయి పాతారు. నాగమ్మ మొగుడు లేని మనిషి, ఆమె సగం తోట ఫారెస్టు కింద పోయింది.

"ఇదేంది మామా, నా చేను అటు వోయింది?" అని, మళ్లీ తనే "నువ్వు కొలిచినంక ఇంకేమంట తియ్" అంది.

తిట్టినా బాగుండేది.

రేపు ఈ సర్వే కాగితం తహసీల్ ఆఫీసుకు చేరకముందే సర్వేయర్‌ను ఆపాలి. నా కాళ్లు ముసలివయ్యాయి, ఆ కొలత చెల్లదు అని అదే జనం ముందు చెప్పాలి. ఇంట్లో ముసలిదానికే ఇంకా చెప్పలేకపోయాను.