సారు వెనక గేటున వెళ్ళిన రోజు

ప్రియమైన నా బంగారుతల్లికి,

నాన్న ఉబ్బితబ్బిబ్బవుతూ రాస్తున్నది. పోస్టతను నీ ఉత్తరం చేతిలో పెట్టగానే చెప్పులైనా వేసుకోకుండా వీధిలోనే నిలబడి చదివేశాను. ఫోనులో చెబితే నా చెవులకి సగమే అందుతుంది. ఆ సగాన్ని కూడా మీ అత్తయ్య "ఏమంటోంది, ఏమంటోంది" అని పక్కనుంచి విననివ్వదు. ఉత్తరమైతే హాయి. ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు. చదివాను కూడా.

నా కూతురికి ఆ బిల్డింగు కాంట్రాక్టు! చలి పోయి ఎండ మొహం చూపించగానే చేయాల్సిన పనులన్నీ నీకే! మేడ మీద తూముల్లో కుళ్ళిన ఆకులు తీయడం, అద్దాలు కడగడం, తోట సవరించడం, పార్కింగులో గీతలు కొత్తగా వేయడం, ముందు మెట్ల రాళ్ళకి నీరు పట్టని పూత పూయడం. ఒకప్పుడు అవన్నీ నా చేతుల మీదుగా జరిగినవే. ఇప్పుడు నా కూతురు నిలబడి నలుగురి చేత చేయిస్తుంది. పక్కింటివాళ్ళకి చెప్పాను, ఎదురింటివాళ్ళకి చెప్పాను. ఎవరూ దొరక్కపోతే మీ అత్తయ్యకే మళ్ళీ చెప్పాను. "విన్నాన్రా బాబూ, నాకు కంఠతా వచ్చేసింది" అంది.

ఇక అసలు సంగతి. ఇస్త్రీ సారు ఇంకా మేనేజరుగా ఉన్నాడని రాశావు. దేవుడున్నాడమ్మా!

నువ్వు మరిచిపోయావని కాదు. చెప్పుకుంటే నాకు ఒంట్లో వేడి పుడుతుంది, అందుకే మళ్ళీ చెబుతున్నాను. ఇలాంటి తొలి ఎండల్లోనే, చలి ఇంకా పూర్తిగా పోకముందే, నిచ్చెనెక్కి ముందు తలుపు పైఅద్దం కడుగుతున్నాను. కింద నుంచి ఆయన అతిథుల్ని వెంటేసుకుని వచ్చాడు. ఒక్క మురికినీటి చుక్క ఆయన ప్యాంటు ఇస్త్రీ మడత మీద పడింది. అంతే! నిచ్చెన దిగేదాకా ఆగి, అందరి ముందూ నా చేతిలో బ్రష్షు లాక్కుని, "మురికి మనుషులు మురికి దారినే పోవాలి" అని వెనక గేటు చూపించాడు. లోపలి గదిలో నా కోటు ఉంది, తెచ్చుకుంటానన్నా ఒప్పుకోలేదు. చెత్తడబ్బాల మధ్యనుంచి, చొక్కాతో, అంతమంది చూస్తుండగా నడిచాను. ఆ వీధిలో మళ్ళీ అడుగు పెట్టలేక ఊరే వదిలి మీ అత్తయ్య పంచన చేరాను.

ఇప్పుడు తాళంచెవి నీ చేతికొచ్చింది. జాగ్రత్తగా విను. ముందు గేటుకి రెండువైపులా పూల పొదలున్నాయి కదా. వాటికి మొగ్గ ఈపాటికి కొమ్మలో దాగి ఉంటుంది. ఇప్పుడు గనక కత్తెర పెడితే ఈ ఏడు ఒక్క పువ్వు పూయదు. కత్తిరింపు నీ పనిలోదే, ఎవరూ వేలెత్తి చూపలేరు. యజమాని వచ్చేసరికి మోడులు స్వాగతం చెబుతాయి. ఆయన మొహం చూడాలి! అది కాకపోతే ఇంకొకటి. బిల్డింగులో అన్ని అద్దాలూ తళతళలాడించి, ఆయన గది అద్దం ఒక్కటీ పక్షి రెట్టలతో వదిలెయ్.

ఏది చేస్తావో వెంటనే రాయి. నిద్ర పట్టడం లేదు, సంతోషంతో.

నీ మంచి కోరే, ఆయన చెడు కోరే
నాన్న

*

ప్రియమైన నాన్నకి,

నీ ఉత్తరం చదివి నవ్వాలో తల పట్టుకోవాలో తెలియలేదు. రెండూ చేశాను.

పొదలకి కత్తెర పెట్టను. అవి నువ్వు నాటినవి, వాటికీ ఆయనకీ ఏం సంబంధం? అద్దం కూడా వదలను. అది నా పని. నా మనుషులు పొద్దున్నే చన్నీళ్ళలో చేతులు పెట్టి చేస్తున్న పని. పాడుచేస్తే నా పేరు పోతుంది, ఆయన పేరు కాదు. మొదటిసారి ఇంత పెద్ద బిల్డింగు దొరికింది నాన్నా. ఇది సరిగ్గా చేస్తే పక్కవాళ్ళూ పిలుస్తారు. లేకపోతే మళ్ళీ ఇళ్ళ పెరళ్ళు ఊడ్చుకోవడమే.

నేను నీ కూతుర్నని ఇస్త్రీ సారుకి తెలియదు. రోజూ నా మొహంలోకి చూసి మాట్లాడతాడు, ఏమీ గుర్తురాదు. ఆ మడత మాత్రం అలాగే ఉంది, దానితో నిమ్మకాయ కోయొచ్చు. నిన్న మా కుర్రవాడు తూములోంచి తీసిన ఆకుల బుట్ట మెట్ల పక్కన పెడితే, "మురికి వెనక్కి, మురికి వెనక్కి" అని చేతిరుమాలు ఊపాడు. అప్పుడు నాకు పళ్ళు పటపటమన్నాయి. ఆ మాట ఒప్పుకుంటాను.

ఇంకో కబురు. ఆయనకిది ఆఖరి నెల. పదవీ విరమణ. నెలాఖరున ముందు హాల్లో సభ పెడతారట. యజమాని, ఫోటోలు, పూలగుత్తి, మెట్ల కింద అలంకరించిన కారు, అన్నీ ఉంటాయట. ఆ తర్వాత ఆయనెవరో, మనమెవరమో. ఇక వదిలెయ్ నాన్నా.

అత్తయ్యని అడిగానని చెప్పు. మందులు వేసుకో.

నీ
అమ్మాయి

*

ప్రియమైన నా తల్లికి, నా వజ్రానికి,

నీ ఉత్తరం నన్ను ఒకేసారి మేడెక్కించి కింద పడేసింది. నా కూతురు పనిని దైవంగా చూస్తుందని చదివి మీసం దువ్వుకున్నాను (మీసం లేదనుకో, ఉన్నచోట దువ్వుకున్నాను). తరవాత ఆ సభ సంగతి చదివాను. అన్నం సయించలేదు.

పూలగుత్తా! ముందు మెట్లు దిగి కారెక్కుతాడా! ఎవరు కడిగిన మెట్లు అవి? ఎన్ని వసంతాలు మోకాళ్ళ మీద కూర్చుని ఆ రాళ్ళ సందుల్లో పాచి గీకాను! వాటి మీదనుంచి ఆయన చప్పట్ల మధ్య దిగి వెళ్ళిపోతే నా సంగతి ఎప్పటికీ తేలదమ్మా. ఇక ఏ గేటు దగ్గర పట్టుకోను ఆయన్ని?

"ఇన్నేళ్ళయింది, పగ కూడా ముసలిదైపోయి ఉంటుంది, పడుకోబెట్టరా" అంటుంది మీ అత్తయ్య. లేదే అక్కా, అది ఇంకా పడుచుపిల్లలా గెంతుతోందన్నాను.

నిన్న బస్టాండులో ఎవరు కనబడ్డారనుకున్నావు? మన లిఫ్టక్క! లిఫ్టు నడిపేది కదా, ఆయన ఫోనులో మాట్లాడుతుండగా తుమ్మిందని తీసేశాడే, ఆవిడే. నన్ను చూడగానే చేతులు పట్టుకుంది. "అన్నా, నన్నూ అటే పంపాడు, ఆ చెత్తడబ్బాల వైపే" అంది. మేడగోడకి రంగు ఒక వాసి తేడా వేశాడని రంగుల బావని, కునుకు తీశాడని వాచ్‌మన్ పెద్దకునుకుని, ఇంకా ఎంతమందినో! అందరికీ అదే దారి. నేనొక్కణ్ణే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎంత ఆనందం వేసిందో! ఇంతమందికి అన్యాయం జరిగిందని ఆనందమా అని అడక్కు. తోడు దొరికినందుకు.

నా తల్లివి కదూ. ఏదో ఒకటి చెయ్. చిన్నదైనా సరే.

ఆశతో
నాన్న

*

ప్రియమైన నాన్నకి,

కుశలమే. పని దాదాపు అయిపోవచ్చింది. తూముల్లో నీళ్ళు పాటలు పాడుతూ పోతున్నాయి. పార్కింగు గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. నీ పొదలు విరగబూశాయి. నాలుగో అంతస్తు వాళ్ళు కూడా కిందికి దిగి వాసన చూసి పోతున్నారు.

ఒక్క ముందు మెట్లే మిగిలాయి. పూత వేయాలంటే రాయి పొడిగా ఉండాలి. వారమంతా వాన. తెరిపి ఇచ్చాక మొదలుపెడితే సరిగ్గా ఆయన సభనాటికి పూత ఆరుతూ ఉంటుంది. ఆరేదాకా ఎవరూ కాలు పెట్టకూడదు, పెడితే అడుగులు శాశ్వతంగా అచ్చుపడిపోతాయి. ఇస్త్రీ సారుకి చెబితే, "మెట్ల మీద అడుగులు పడితే ఊరుకోను, తాడు కట్టెయ్" అని ఆయనే ఆజ్ఞాపించాడు. కాబట్టి ఆ రోజు అందరి రాకపోకలూ వెనక గేటు నుంచే. అతిథులవీ, ఆయనవీ. కారు కూడా వెనక సందు చివరే ఆగుతుంది, లోపలికి పట్టదు. చెత్తడబ్బాలు దాటి, వాననీళ్ళు నిలిచిన మడుగు దాటి నడవాల్సిందే.

ఇది వాన చేసిన పని, నేను చేసింది కాదు.

నీ సంగతి తెలుసు కాబట్టి ముందే చెబుతున్నాను. సభ నాలుగింటికి మొదలై అయిదింటికల్లా అయిపోతుందట. నువ్వు మాత్రం ఆ వేళకి అక్కడికి రావద్దు. గొడవైతే నా కాంట్రాక్టు పోతుంది. లిఫ్టక్కకి అసలే చెప్పొద్దు.

నీ
అమ్మాయి

*

ప్రియమైన నా తల్లికి,

వచ్చాను. రావద్దన్నావు, వచ్చాను. నా మీద కోపంతో ఈ ఉత్తరం చించేసినా, చించే ముందు ఒక్కసారి చదువు. నువ్వు ముందువైపు తాడు దగ్గర ఉన్నావు, వెనక జరిగింది నీకు కనబడలేదు. నా నోటితోనే చెప్పాలి, లేకపోతే నా మనసు ఆగేలా లేదు.

లిఫ్టక్కకి చెప్పాను. ఆవిడ రంగుల బావకి చెప్పింది. బావ ఎవరెవరికో చెప్పాడు. నేను బస్సు దిగి వెళ్ళేసరికి సందు సగం నిండిపోయింది! అందరూ ఉతికిన బట్టల్లో, తలలు దువ్వుకుని. పెద్దకునుకు అయితే మెలకువగా ఉన్నాడు! కేకలు వేయొద్దు, రాళ్ళు వద్దు, మా అమ్మాయి పని ఉంది ఇక్కడ అని చెప్పాను. గేటుకి అటో వరస, ఇటో వరస నిలబడ్డాం. ఊరికే నిలబడి చూద్దామనే అనుకున్నాం. మేం ఆ దారిన నడిచినప్పుడు జనం చూడలేదూ, అలాగ.

వచ్చాడు. అతిథులంతా వెళ్ళాక, ఆఖరున. చంకలో పూలగుత్తి. రెండో చేత్తో ప్యాంటు పైకెత్తి పట్టుకుని, మడుగు అంచున కొంగలా అడుగులు వేస్తూ. వెనక ఫోటోలవాడు. మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

ఏం చేశాడో ఊహించగలవా? కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడమ్మా!

"మీరంతా నాకోసమేనా!" అన్నాడు. "లోపల వాళ్ళు టీ తాగి ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఈ మురికి సందులో మీరు నిలబడ్డారు చూడండి! ఇదీ ప్రేమంటే!" అని నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుని ఊపి, పూలగుత్తి నా చేతుల్లో పెట్టాడు. ఫోటోలవాడు చటుక్కున ఫోటో తీశాడు.

ఇన్నేళ్ళు నేను పెంచుకున్న దాన్ని ఆయన ప్రేమ అనుకుని జేబులో వేసుకుని వెళ్ళిపోతున్నాడు!

లిఫ్టక్క అందుకుంది. "మేమెవరమో గుర్తున్నామా సార్?"

"ఎందుకు గుర్తులేరమ్మా! నువ్వు మూడో అంతస్తులో టీ ఇచ్చే అమ్మాయివి కదూ?"

"లిఫ్టు నడిపేదాన్ని సార్. తుమ్మానని తీసేశారు."

ఆయన నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. అప్పుడు నేను పూలగుత్తి చంకన పెట్టుకుని ఒక అడుగు ముందుకేశాను. "అద్దం నీళ్ళు సార్. మీ ప్యాంటు మీద పడ్డాయి. నేను," అన్నాను.

నా పక్కనుంచి రంగుల బావ, "గోడకి రంగు తేడా సార్."

"కునుకు సార్."

"చీపురు చప్పుడు సార్."

"మీకంటే ముందు నవ్వాను సార్."

ఎవరూ చెప్పమనలేదు. వరసలో ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటూ పోయారు, బడిలో హాజరు పలికినట్టు. ఒక్కొక్కరు పలికినప్పుడల్లా ఆయన అటు తిరిగి ఆ మొహం చూడాల్సొచ్చింది. అందరం మర్యాదగానే, సార్ సార్ అంటూనే. ఆఖరికి వెనక్కి తిరిగి, "నేను ముందు నుంచే వెళతాను" అన్నాడు.

"ముందు తాడు కట్టేశారు సార్, మీరే కట్టించారట" అన్నాడు ఫోటోలవాడు, పాపం ఏమీ తెలియక.

ఇక ఒక్కటే దారి. ప్యాంటు ఎత్తిపట్టుకోవడం కూడా మరిచిపోయి మడుగులోంచే నడిచాడు. తల వంచుకుని, మా రెండు వరసల మధ్య, ఆ చివర కారు దాకా. మేం కదల్లేదు. ఆ నడక ఎంతసేపు సాగిందో!

జాలి వేస్తుందేమోనని లోపల వెతుక్కున్నాను. వెయ్యలేదు. పెద్దవాళ్ళు చెబుతారే, పగ తీరాక మనసు ఖాళీ అవుతుందని. నాకు అవ్వలేదు! నిండింది! ఇంటికొచ్చి రెండు మారులు అన్నం పెట్టించుకున్నాను. పూలగుత్తి మీ అత్తయ్య బిందెలో పెట్టింది. "ఏమాటకామాటే, పూలు మంచివే" అంది.

ఒక్కటే ముల్లు. మేం వెళ్ళేటప్పుడు మేడ మీద కిటికీలోంచి యజమాని చూస్తున్నాడు. నీ కాంట్రాక్టుకి నా వల్ల ముప్పొస్తే నన్ను నేను క్షమించుకోలేను. కానీ మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ వస్తాను, ఏం చెయ్యను!

తిట్టు. కానీ ఉత్తరంలో తిట్టు. రాయడం మానొద్దు.

నీ జవాబు కోసం గుమ్మంలో కూర్చున్న
నాన్న

*

ప్రియమైన నాన్నకి,

తిట్టను.

యజమాని నన్ను పిలిచి అడిగాడు, ఆ మనుషులెవరని. ఇక్కడ పనిచేసినవాళ్ళు అని చెప్పాను. తాడు ఎవరు కట్టారని అడిగాడు. నేనే అన్నాను. కిటికీలోంచి కిందికి చూసి, మెట్లు బాగా వచ్చాయి అన్నాడు. వచ్చే ఏడు పిలుస్తాడో లేదో తెలియదు. పిలవకపోతే వేరే బిల్డింగులున్నాయి, తూములు ఎక్కడైనా పూడుకుంటాయి.

నీకు రెండు సంగతులు చెప్పాలి.

ఆయన నిన్ను వెనక గేటున పంపిన మర్నాడు, నీ కోటు కోసం నేను వెళ్ళాను. ఇంటికి రాగానే కోటేదని అమ్మ అడిగితే పారేసుకున్నానన్నావు. చలికి దగ్గుతూ కూర్చున్నావు. నాకు అప్పటికి జడలు వేసుకునే వయసు. ముందు మెట్లెక్కి, మా నాన్న కోటు ఇవ్వండని అడిగాను. ఇస్త్రీ సారు నా చెప్పుల బురద చూసి, భుజం పట్టుకుని, వెనక గేటు దాకా నడిపించి, బయటికి తోసి తలుపు వేశాడు. నీకు చెబితే ఆ క్షణమే కొట్లాటకి వెళతావని ఎవరికీ చెప్పలేదు.

రెండోది. ఆ వారం వాన పడింది నిజమే. కానీ ఎండ గట్టిగా కాసింది నాన్నా. సభకి ముందురోజు మధ్యాహ్నానికే మెట్లు పూతతో సహా ఆరిపోయాయి. చెయ్యి పెట్టి చూశాను, ఎండుకట్టెలా పొడిగా ఉన్నాయి. తాడు విప్పేయనా అని మా మేస్త్రీ అడిగాడు. ఉండనీ అన్నాను. మర్నాడు పొద్దున ఇస్త్రీ సారు కూడా వచ్చి, ఇంకా ఆరలేదా అన్నాడు. ఇంకా లేదు సార్, అడుగులు పడతాయి అన్నాను. ఆయన కళ్ళలోకి చూస్తూ అన్నాను.

ఆ వరసలో నిలబడి నేనూ పలకాల్సింది, "చెప్పుల బురద సార్" అని. తాడు దగ్గర కాపలా కాయాల్సి వచ్చి రాలేకపోయాను.

ప్రేమతో
నీ అమ్మాయి