రెండో ఫైలు చెప్పని మాట

మేనేజర్ మేడమ్ గారికి,

మొన్న మీరు పంపిన మెచ్చుకోలు లేఖలో నా పేరు ఉంది. దయచేసి అది తీసేసి, మేమంతా అక్కా అని పిలిచే టెస్టర్ గారి పేరు రాయండి.

పసిపిల్లల శ్వాసయంత్రంలో గాలి ఎక్కువగా వస్తోందని పట్టుకున్నది ఆవిడే. "ప్రోగ్రాం తయారుచేసే బిల్డ్‌లో ఒక్క తప్పూ రాలేదు, మీ కొలతే తప్పయి ఉంటుంది" అని నేను నలుగురిలో కసిరాను. ఆవిడ వెళ్లి, ప్రోగ్రాం ఎలా తయారవ్వాలో చెప్పే మేక్‌ఫైళ్లన్నీ అచ్చు తీసుకుని, పెన్సిలు పట్టుకుని మూడు రోజులు కూర్చున్నారు.

నాలుగో రోజు నా బల్ల దగ్గరికి వచ్చారు.

"తమ్ముడూ, పై ఫైలుకి 'పిల్లలది' అని మనం చెప్తున్నాం. అది రెండోదాన్ని పిలిచి ఆ మాట చెప్తోంది. రెండోది మూడోదాన్ని ఊరికే పిలుస్తోంది, ఏది చెయ్యాలో చెప్పట్లేదు. చెప్పకపోతే అది పెద్దల యంత్రానికి రాసిన ప్రోగ్రామే తయారుచేసేస్తుంది."

ఆ పిలుపులో, ఏది తయారవ్వాలో చెప్పే టార్గెట్ పేరు 'పిల్లలది' అని చేర్చాను. గాలి సరిపోయింది. మీరు మెచ్చుకున్నది ఆ ఒక్క వరుసనే.

ఆ రెండో ఫైలు మొదట రాసిందీ నేనే. ఆవిడకు తెలుసు, ఎవరితోనూ అనలేదు. క్షమించమని అడిగితే, "ఉండు, ఇంకోసారి కొలిచొస్తా" అని యంత్రం దగ్గరికి వెళ్లిపోయారు.

ఇది రాయడానికి రెండు రోజులు తటపటాయించిన,
మీ బిల్డ్ ఇంజనీర్