తగ్గిన ఆయిల్ ఎటు పోయింది

విస్సన్నపేట,
12 జూన్ 2025.

బాలశౌరి బావకి,

సలోమోను వందనాలు. ఉంగుటూరులో నువ్వూ, అక్కా, పిల్లలూ క్షేమమని మీ ఊరివాళ్లు చెప్పగా విన్నాను. మా ఇంట్లోనూ అందరం బాగున్నాం. ఫోను చేస్తే నువ్వు ఎత్తవు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కోపం వచ్చినా చించెయ్యకుండా చదువు.

తిరుపతిరావు గారి పాత డోజరు మళ్లీ బయటికొచ్చింది. గోవిందమ్మ కాలు దానికింద నలిగిన రోజు నుంచి రెండేళ్లుగా మామిడితోటలో పట్టా కప్పుకుని పడుంది. వానలు ముదిరేలోపు వాగు గట్టు ఎత్తు చేయించాలని నెల కిందట ఆయన దాన్ని తీయించారు. నూజివీడు నుంచి ఆరోగ్యం అనే డ్రైవరు వచ్చాడు. మెకానిక్కుని నేనే.

మొదటి వారంలోనే గేరుబాక్సు ఆయిల్ తగ్గడం మొదలైంది. పొద్దున గీత దాకా పోస్తే సాయంత్రానికి రెండు వేళ్లు దిగేది. బండి కింద చూస్తే చుక్క లేదు. రేడియేటర్ మూత తీశాను. నీళ్ల మీద ఆయిల్ తెట్టు లేదు. ఇంజన్ ఆయిల్ పెరిగిందా అంటే అదీ లేదు. బ్లేడుని ఎత్తే హైడ్రాలిక్ ట్యాంకు కూడా ఎక్కడిది అక్కడే ఉంది. బయటికి కారనిది, వీటిల్లోకి చేరనిది ఎటు పోతున్నట్టు? మిగిలింది ఒక్కటే చోటు. సీటు వెనక, బండిని అటూ ఇటూ తిప్పే స్టీరింగ్ క్లచ్‌లుండే గది. మన బండిలో ఆ ప్లేట్లు, వాటి మీది బ్రేకులు పొడిగా ఉండాలని నీకు చెప్పక్కర్లేదు.

మంగళవారం ఆ మూత విప్పుతానన్నాను. తిరుపతిరావు గారు ఆకాశం వంక చూసి, "ఇంకో గంట పనేగా సలోమోనూ, అది కానిచ్చి విప్పు" అన్నారు. నేను గట్టిగా వద్దనలేదు. అదీ నా తప్పే.

ఆరోగ్యం గట్టు మీంచి కిందికి మట్టి నెడుతున్నాడు. వాలు చివర కూలీలు ఆఖరి కోత రసాలు ట్రేలలో సర్దుతున్నారు. డోజరు ఉన్నట్టుండి వేగం అందుకుంది. వాడు రెండు బ్రేకుల మీదా లేచి నిలబడ్డాడు. ఆగలేదు. "లెగండి! లెగండి!" అని వాడి కేక ఇంజన్ చప్పుడులో సగమే వినబడింది. నేను పరిగెత్తానో, పడ్డానో గుర్తులేదు. వాడు బ్లేడు దించేశాడు. అది నేలని చీల్చుకుంటూ పోయి, ట్రేలకి నాలుగు బారల దూరంలో దిగబడి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. వాడు దిగొచ్చి నా చొక్కా పట్టుకుని, "బ్రేకు తొక్కితే కాలికింద ఏమీ లేదండీ" అన్నాడు.

బావా, ఆ రోజు నువ్వన్నదీ అదే మాట.

అక్కడే మూత విప్పాను. ప్లేట్లు సగం దాకా నల్లటి ఆయిల్‌లో మునిగున్నాయి. పక్కనున్న గేర్లకీ ఆ గదికీ మధ్య సీలు ఎండి చిట్లిపోయింది. ఆయిల్ రోజూ అందులోకే చేరుతోంది. ఇంక బ్రేకు ఎక్కడ పడుతుంది? గోవిందమ్మ కాలు నలిగిన రోజున నీ చేతిలో బండి వెనక్కి జారింది కాబట్టి బ్లేడు దించినా నిలబడలేదు. నువ్వు తాగి లేవు, నిద్రపోలేదు, అజాగ్రత్తగా లేవు. ఆ మాట తిరుపతిరావు గారి ముందూ, కూలీలందరి ముందూ చెప్పాను. ఆయన తల దించుకుని, "ఆ మనిషిని ఊరు వదిలేలా చేశాం" అన్నారు.

రెండేళ్ల కిందట "బండిలో లోపం లేదు" అని అదే జనం ముందు చెప్పింది నేను. నీ లైసెన్సు పోవడానికి, నువ్వు స్టీరింగ్ వదిలి మిల్లులో బస్తాలు మొయ్యడానికి ఆ మాటే చాలింది. క్షమించమని అడిగే మొహం లేదు. నువ్వొస్తే నీ ఎదురుగా మళ్లీ చెబుతాను.

నీ
సలోమోను

తా.క. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యబోతూ, సీలు సంగతి చెప్పిపోదామని గోవిందమ్మ ఇంటి దగ్గర ఆగాను. ఆవిడ కర్ర పక్కన పెట్టి అంతా విని, "ఇది నీకు ఇప్పుడే తెలిసిందా?" అని అడిగింది. ఔననలేకపోయాను.

సీలు చిట్లినా, ఆ గది అడుగున ఒక రంధ్రం ఉంటుంది. ఆయిల్ అందులోంచి కారిపోయి, లోపం కంటికి కనబడాలి. ప్రమాదానికి ముందు చెరువు పూడిక పనికి బండి బురదలోకి దిగేటప్పుడు, నీళ్లు ఎక్కకుండా దానికి బోల్టు బిగించింది నేను. పని అయ్యాక తియ్యలేదు. ప్రమాదం జరిగిన రోజు అందరూ నన్ను అడిగినప్పుడు నాకు ఆ బోల్టే గుర్తొచ్చింది. వంగి చూస్తే నా పేరు బయటికొస్తుందని, చూడకుండానే లోపం లేదన్నాను. మళ్లీ ఈ నెలంతా కూడా అన్నీ వెతికి, ఆ చోటు మాత్రం ఆఖరికి ఉంచుకున్నాను.

గోవిందమ్మ నన్ను తిట్టలేదు. "ముందు అతనికి రాయి, తర్వాత అందరికీ చెబుదువుగాని" అంది. అంటించిన కవరు చింపి, ఆవిడ అరుగు మీదే కూర్చుని రాస్తున్నాను. నేను రాయడం అయ్యేదాకా ఆవిడ లోపలికి వెళ్లనంటోంది.