బండికి కొసరి వడ్డించొద్దు

అత్తయ్యా,

ఆయిల్ డబ్బా కోసం వెతక్కండి, నేనే దాచేశాను. రోడ్డు మీద ఆగిపోయిన వ్యానొకటి లాక్కురావడానికి వెళ్తున్నా. సాయంత్రం మన టోయింగ్ బండి రాగానే దానికి ఏమీ పొయ్యకండి.

నెల రోజులుగా డబ్బాలో ఆయిల్ తరిగిపోతుంటే బండే తెగ తాగేస్తోందని, పొగ కక్కుతోందని తల పట్టుకున్నాను. మెకానిక్ అయితే ఇంజిన్ విప్పేద్దామన్నాడు. తీరా నిన్న నేను బండి ఆపి ఇంట్లోకొచ్చి కిటికీలోంచి చూద్దును కదా, మీరు ఇంజిన్‌లో ఆయిల్ కొలిచే పుల్ల పైకి లాగి, "అయ్యో, అడుగంటిపోయిందే!" అంటూ అర లీటరు పోసేశారు! ఇంజిన్ ఆపగానే ఆయిల్ ఇంకా పైనే ఉంటుంది అత్తయ్యా. కిందికి దిగడానికి పావుగంట పడుతుంది. మీరు ఎక్కువ పోసిందంతా పొగైపోతోంది. మిగిలింది పొద్దున్నే తీయించేశాను. కొసరి కొసరి వడ్డించి మీ అబ్బాయికి పొట్ట తెప్పించారు, చాలదా?

దారిలో బండి మొరాయిస్తే నేనొక్కదాన్నే చిక్కుకుంటానని మీ బెంగ. నాకు తెలుసు. ఇకనుంచి కొలిచే పని మీదే, కానీ మనిద్దరం టీ తాగాక కొలవండి.

అన్నట్టు, ఈ చీటీ మీ అబ్బాయి కంట పడనివ్వకండి. ఆదివారాలు ఆయన అడ్డదిడ్డంగా నడపబట్టే ఇంజిన్ పాడైందని నెల నుంచీ సాధిస్తున్నాను. పాపం, నోరెత్తకుండా రోజూ గిన్నెలు తోముతున్నారు. ఇంకో వారం తోమనిద్దాం.