అక్క ఆట చూసిన నేరానికి

జిల్లా వసతిగృహాల సంక్షేమ అధికారి గారి సముఖమునకు,

కొత్తచెరువు మండలంలో బాలికల హాస్టలు గోడ పక్క ఇంటిలో కాపురముండు పట్టుచీరల నేతగాడు కుళ్లాయప్ప వ్రాసుకొన్న అర్జీ.

విషయం: హాస్టలు టీవీకి కేబుల్ రుసుము చెల్లించనందున విద్యార్థినులు మా ఇంట టీవీ చూచుట – అందుకుగాను పదవ తరగతి చదువు కుమారి ఆశ్రితను ఇంటికి పంపివేయుట – తిరిగి చేర్చుకొనుటకు ప్రార్థన.

అయ్యా,

1. సదరు హాస్టలులో ఒక టీవీ కలదు. గోడకు బిగించి ఉన్నది, రోజూ తుడవబడుచున్నది, కానీ బొమ్మ రాదు. రుసుము కట్టనందున కేబుల్ వారు వేసవి సెలవులలోనే తీగ కత్తిరించుకొని పోయినారు. రుసుము మంజూరు కాలేదని వార్డెన్ సునంద గారు, మంజూరు అయినదని పైవారు చెప్పుచున్నారు. నడుమ అది ఎక్కడ ఆగినదో తెలియక, పిల్లలు ఆ నల్లని తెరలో ముఖాలు చూసుకొని జడలు వేసుకొంటున్నారు. ఇందులో తప్పెవరిదో నేను చెప్పబోవడం లేదు. నేను మగ్గం నేసుకొనేవాణ్ణి.

2. ఇట్లుండగా, పోయినేటి వరకు ఇదే హాస్టలులో చదివిన నందిని అను బాలిక కబడ్డీలో రాష్ట్ర బాలికల జట్టుకు ఎంపికైనది. ఆ జట్టు ఫైనలుకు చేరినది. ఆదివారం సాయంత్రం ఆట టీవీలో వస్తుందని తెలిసింది. నందిని చెల్లెలే పైన చెప్పిన ఆశ్రిత. ఆ పిల్ల మధ్యాహ్నం గోడ మీదుగా తల పెట్టి అడిగింది.

"మామా, మీ టీవీ వస్తాందా?"

"వస్తాందమ్మా."

"మా అక్క ఆటుండాది. చూసుకోని పోతాను."

"దానికేముంది, రాండి," అన్నాను.

పొరపాటు ఇక్కడ జరిగినది. "రా" అనవలసిన చోట నోటి అలవాటుకొద్దీ "రాండి" అన్నాను. సాయంత్రానికి హాస్టలు మొత్తం వచ్చినది.

3. మా ముందు గదిలో సగం మగ్గమే. దాని మీద పెండ్లి చీర ఒకటి సగం నేసి ఉన్నది. పిల్లలు గడప మీద, కిటికీలో, బియ్యం మూట మీద కూర్చున్నారు. ఇద్దరు మగ్గం గుంతలోకి కాళ్లు వేలాడదీసినారు. ఎవరూ పడుగు మీద పడకుండా నేను రెండు చేతులూ చాపి నిలబడ్డాను. ఆట మొదటి సగం నేను చూడలేదు, పిల్లల అరుపులను బట్టి గ్రహించినాను.

మా అమ్మ హనుమంతమ్మకు వయసు మీరినది. పాత సంగతులూ కొత్త సంగతులూ ఆమెకు కలిసిపోతుంటాయి. తమకు తెలియనిది కాదు, ఆ కాలంలో రేడియోకు కూడా పోస్టాఫీసులో లైసెన్సు కట్టవలసి ఉండేది. కట్టనివారిండ్లకు తనిఖీవారు వచ్చేవారు. వారు వీధి మొదట్లో కనబడగానే మా తాత రేడియోను మగ్గం గుంతలో దించి పైన గోనెపట్టా కప్పేవాడట. సరిగ్గా రెండో సగం మొదలయ్యే వేళకు వార్డెన్ సునంద గారు కర్ర పట్టుకొని మా గడపలో నిలబడినారు. మా అమ్మ ఆమెను చూసి, "లైసెన్సోల్లు వచ్చినారు! ఒరే కుళ్లాయీ, టీవీ ఎత్తి గుంతలో పెట్రా!" అని కేక వేసింది.

"ఎవురినడిగి వచ్చినారే మీరంతా?" అని సునంద గారు గద్దించినారు. నవ్వుతున్న పిల్లలు ఒకరి వెనుక ఒకరు నక్కినారు. అప్పుడే నందిని కూతకు పోయింది. సునంద గారు ఆ మాట అక్కడ వదిలిపెట్టి తెర వైపు చూసినారు. నందినిని మొట్టమొదటి పోటీకి బస్సులో తన పక్కన కూర్చోబెట్టుకొని తీసుకొనిపోయింది ఆమే. కాసేపటికి కర్ర గోడకు ఆనించి, "జరుగు, కొంచెం జరుగు," అంటూ పిల్లల నడుమ కూర్చున్నారు. మరికాసేపటికి, "ఎడమ పక్క పో నందినీ! ఎడమ పక్క సందుండాది!" అని ఆమె అరచిన అరుపుకు మా పెరట్లో కట్టేసిన మేక తెంచుకొన్నది.

4. మన జట్టు ఒక్క పాయింటు తేడాతో ఓడినది. ఆశ్రిత మోకాళ్లలో తల పెట్టుకొని ఏడ్చింది. మా అమ్మ ఆ పిల్ల వీపు నిమిరి, "ఓడిపోతే ఏమైతాదే? అంతమందిలోకి ఒక్కతే పోయి, తాకి, తిరిగొచ్చింది గదా మీ యక్క," అన్నది. అంతలో టీవీవారు నందిని ముందు మైకు పెట్టినారు. ఆ పిల్ల ఆయాసంతో ఎగరోజుతూనే, "మా హాస్టలు పిల్లోల్లు, సునంద మేడమ్, అందురూ మా హాస్టలు టీవీలో చూస్తాంటారు. నేను బాగుండాను," అని చెప్పింది. పిల్లలు మా ఇంటి పైకప్పు లేచిపోయేటంత అరచినారు.

అదే మాటను తమ కార్యాలయంవారు కూడా టీవీలో విని సంతోషించి, పిల్లలు ఆట చూస్తున్న ఫోటో ఒకటి పంపమని వెంటనే హాస్టలుకు ఫోను చేసినారట. వాచ్‌మన్ రామప్ప ఎత్తినాడు. అతడు అబద్ధమాడని మనిషి. "పిల్లోల్లు లేరు సార్. మేడమూ లేదు సార్. టీవీ ఉండాది, అది రాదు సార్," అని ఉన్నది ఉన్నట్లు విన్నవించుకొన్నాడు.

మరుసటి రోజు తమ కార్యాలయంవారి విచారణ జరిగినది. ముందుగా గోడ దాటినదెవరని అడుగగా ఆశ్రిత లేచి నిలబడి, "నేనే సార్. మా అక్క ఆట," అన్నది. తదుపరి ఉత్తర్వుల వరకు ఇంటికి పోవలసినదని చెప్పినారు. సునంద గారిని సంజాయిషీ అడిగినారు. టీవీ మాత్రం ఉన్నచోటనే ఉన్నది.

5. నాకు మనసు ఒప్పక లేపాక్షి దగ్గర ఆ పిల్ల పల్లెకు పోయినాను. తండ్రి ఎర్రన్న మెట్ట రైతు. నేను పోయేసరికి కళ్లంలో చేటతో మట్టి పోయేట్లు శనగకాయ నెరుపుతున్నాడు. ఏడాదంతా ముఖం చాటేసిన వాన ఆ ఆదివారమే మబ్బై కమ్మినందున, కాయ తడుస్తుందని కళ్లం వదలక, కూతురి ఆట అతడు చూడనే లేదు.

"ఒగ బిడ్డ టీవీలో కనపడింది. ఒగ బిడ్డ టీవీ చూసి ఇంటికొచ్చింది. నేను నగల్లనా, ఏడ్చల్లనా? నువ్వే చెప్పప్పా," అన్నాడు.

అంతలో ఆశ్రిత కళ్లం పక్కన మట్టిలో గీత గీసి, "నాయనా, ఇట్ల చూడు," అని మొదలుపెట్టింది. ఒక్కతే నందిని అయి కూతకు పోయింది, ఒక్కతే అవతలి జట్టు అయి పట్టుకొన్నది. ఆ ఆట రోజూ ఒకసారి నడుస్తోందట. ఎర్రన్న చేట పక్కన పెట్టి, ముందే తెలిసిన ఆటను నోరు తెరుచుకొని చూసినాడు. చివర, "ఒగ పాయింటే గదా," అని తనకు తానే చెప్పుకొని కన్ను తుడుచుకొన్నాడు.

అయ్యా, ఈ పిల్లకు వచ్చే మార్చిలో పబ్లిక్ పరీక్షలు. తండ్రి చదువు మానిపించేవాడు కాడు గానీ, కాయ వొలిచే కాలంలో ఇంట్లో ఉన్న చేతిని ఎవరూ ఖాళీగా ఉంచరు. ఇక్కడ మా అమ్మ "పిల్లోల్లు యాడికి పోయిరి?" అని పొద్దున అడిగినది మరల సాయంత్రం అడుగుచున్నది. వాళ్లు లేనిదే టీవీ పెట్టనివ్వదు. నేను వార్తలు విని చాలా రోజులైనది.

కావున తమరు దయతలచి ఆశ్రితను తక్షణమే హాస్టలులో చేర్చుకొని, సునంద గారి మీది విచారణ మాన్పించి, హాస్టలు టీవీకి బొమ్మ తెప్పించవలెను. ఎవరికో ఒకరికి శిక్ష వేయక తప్పదంటే "రాండి" అన్నవాణ్ణి నేను ఉన్నాను. నా మనవిని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు, గోడ పక్కవాడు,
కుళ్లాయప్ప

తా.క.: ఇది మడిచి జేబులో పెట్టుకొనేంతలో ఎర్రన్న కూతురితో, పెట్టెతో, అర మూట శనగకాయతో బస్సు దిగినాడు. "ఆర్డరు వచ్చేదాకా పరీచ్చలు నిలబడతాయా? హాస్టలు వద్దంటే వద్దు, బడి వద్దన్లేదు గదా. అంతవరకు మీ ఇంట్లో పెట్టుకోప్పా," అన్నాడు. సునంద గారు గోడ మీదుగా పాఠ్యపుస్తకాలు అందించినారు. ఆశ్రిత ఇప్పుడు మగ్గం పక్కనే కూర్చొని లెక్కలు చేస్తున్నది. మా అమ్మ ఆ పిల్లకు తల దువ్వుతూ, నేనేమి రాస్తున్నానని అడిగింది. చెప్పినాను.

"ఆ ఆపీసరయ్య మంచోడైతే ఆర్డరు నిదానంగా రాసుకోమను," అన్నది. "మనకేం తొందర?"